ఓచరు లేని కథ, ఇరవై అంకెల సంఖ్య

నేను గణిత పండితుణ్ణి కాను. బి.కాం. చదివి 1981లో రక్షణ శాఖ పద్దుల విభాగంలో చేరాను. 38 ఏళ్ళు జీతాల బిల్లులూ, ప్రయాణ భత్యాలూ, స్టోర్సు లెడ్జర్లూ చూసి 2019లో రిటైరయ్యాను. అంకెలతో నా పరిచయం కూడికలూ తీసివేతల వరకే. అయినా ఒక సంఖ్య మాత్రం ఇరవై ఏళ్ళుగా నన్ను వదలడం లేదు. అది ఇదీ:

1,84,46,74,40,73,70,95,51,615

ఇరవై అంకెలు. మన పద్ధతిలో చదవాలంటే 1,84,467 కోటి కోట్ల, 44,07,370 కోట్ల, 95 లక్షల 51 వేల 615. రెండుని 64 సార్లు వేసి గుణించి, వచ్చినదాంట్లో ఒకటి తీసేస్తే ఇది వస్తుంది. ఇవాళ మన బల్లల మీద ఉండే 64 బిట్ల కంప్యూటర్ ఒక్క గడిలో ఇముడ్చుకోగలిగిన అతి పెద్ద పూర్ణ సంఖ్య కూడా ఇదే.

దీని గురించి రాయడానికి నాకు రెండు కారణాలున్నాయి. దీని లక్షణాలు నిజంగా బాగుంటాయి, పెన్సిలూ కాగితమూ ఉన్నవాళ్ళెవరైనా సరిచూసుకోవచ్చు. ఇది మొదటి కారణం. రెండోది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఈ సంఖ్యని అడ్డం పెట్టుకుని నేను ఒకసారి నిండు సభలో అబద్ధమాడాను. అదీ హేతువాదిగా వేదిక మీద నిలబడి!

ముందు సంఖ్య సంగతి చూద్దాం.

చదరంగం కథ మీకు తెలిసిందే. ఆట కనిపెట్టినవాడు రాజుగారిని మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా 64 గడులకీ రెట్టింపు చేస్తూ ఇమ్మన్నాడు. రాజు ఇంతేనా అనుకున్నాడు. మొత్తం కూడితే వచ్చేది పైన రాసిన సంఖ్యే. వెయ్యి గోధుమ గింజలు 40 గ్రాములు తూగుతాయనుకుంటే ఇది దాదాపు 73,787 కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే గోధుమలు సుమారు 80 కోట్ల టన్నులు. అంటే తొమ్మిది వందల ఏళ్ళ పంట పైమాటే. వెయ్యేళ్ళ క్రితమే అల్ బిరూనీ ఈ మొత్తాన్ని చివరి అంకె దాకా తప్పు లేకుండా లెక్కగట్టాడు. కాలిక్యులేటరు లేకుండా! కేరళలో అంబలప్పుళ గుడి దగ్గర ఇదే కథలోకి శ్రీకృష్ణుడు వచ్చి చేరాడు. ముని వేషంలో వచ్చి రాజుతో చదరంగం ఆడి గెలిచాడనీ, బియ్యం బాకీ తీర్చలేని రాజు బదులుగా రోజూ పాల పాయసం పెట్టడానికి ఒప్పుకున్నాడనీ చెబుతారు. పాయసం రుచి సంగతి వేరు, కథ మాత్రం అదే లెక్క.

ఈ రెట్టింపు వరసలో గమనించవలసిన గుణం ఒకటుంది. ఏ గడి తీసుకున్నా అందులో ఉన్న గింజలు, అంతకు ముందున్న గడులన్నిటిలోని గింజల మొత్తం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. నాలుగో గడిలో ఎనిమిది, ముందున్న మూడింటిలో 1+2+4, అంటే ఏడు. అయిదో గడిలో 16, ముందున్నవి 15. అరవై నాలుగో గడి దాకా ఇంతే. మొత్తం గింజల్లో సగం పైన ఆఖరి ఒక్క గడిలోనే ఉంటాయన్నమాట. ఈ గుణాన్ని దయచేసి గుర్తుంచుకోండి. మా బావగారి డబ్బు పోయింది ఈ ఆఖరి గడిలోనే.

* * *

2004లో మా సంఘం తరఫున బడుల్లో ప్రదర్శనలిచ్చేవాళ్ళం. బాబాల మహిమలు ఎలా చేస్తారో చేసి చూపించడం, నిప్పుల మీద నడవడం వెనకున్న శాస్త్రం చెప్పడం వగైరా. నా వంతు లెక్కల తమాషాలు. మూడు మేకులు కొట్టిన చెక్క, దాని మీద చిన్నా పెద్దా బిళ్ళలూ పట్టుకెళ్ళేవాణ్ణి. ఒక మేకు మీదున్న బిళ్ళలన్నిటినీ ఇంకో మేకు మీదకి మార్చాలి. ఒకసారికి ఒకటే తియ్యాలి. చిన్న బిళ్ళ మీద పెద్ద బిళ్ళ పెట్టకూడదు. ఒక బిళ్ళకి ఒక ఎత్తు చాలు. రెండు బిళ్ళలకి మూడు, మూడింటికి ఏడు, నాలుగింటికి పదిహేను. ఎందుకంటే అన్నిటికన్నా కింది బిళ్ళ కదలాలంటే ముందు పైవన్నీ పక్క మేకు మీదకి పోవాలి, అది కదిలాక పైవన్నీ మళ్ళీ దాని మీదకి రావాలి. అంటే పాత లెక్కకి రెట్టింపు, పైన ఒకటి. 64 బిళ్ళలైతే మన ఇరవై అంకెల సంఖ్యే వస్తుంది.

ఆ తరవాత కథ చెప్పేవాణ్ణి. "కాశీలో ఒక గుడి ఉందని మన పూర్వీకులు నమ్మారు. అందులో మూడు వజ్రపు సూదులు, 64 బంగారు బిళ్ళలు. బ్రహ్మ సృష్టి రోజున పెట్టాడు. పూజారులు రాత్రింబవళ్ళు బిళ్ళలు మారుస్తూ ఉంటారు. ఆఖరి బిళ్ళ మారిన క్షణంలో లోకం అంతమైపోతుంది. చూశారా పిల్లలూ, క్షణానికి ఒకటి మార్చినా 58,454 కోట్ల సంవత్సరాలు పడుతుంది. కంగారు పడకండి!" పిల్లలు నవ్వేవాళ్ళు. మూఢనమ్మకాన్ని లెక్కతో కొట్టానని నేను మురిసిపోయేవాణ్ణి.

మా బావగారు (అక్కయ్య భర్త) కృష్ణా జిల్లాలో తెలుగు పండితుడు. ఆ ఏడాది తమ బడికి నన్ను ఆయనే పిలిపించారు. ఆయన దేవుణ్ణి నమ్మే మనిషి, రోజూ సంధ్యావందనం చేస్తారు. నా మాటలంటే ఆయనకు కోపం లేదు, "వినడానికి బాగానే ఉంటుందోయ్" అనేవారు. ఆ రోజు కథ అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, ఆ కథ ఏ పురాణంలో ఉంది?"

నాకు తెలియదు. ఎక్కడో ఇంగ్లీషు లెక్కల పుస్తకంలో చదివిన కథ అది. తెలియదమ్మా అంటే సరిపోయేది. మూడు వందల మంది పిల్లలు, వరసగా టీచర్లు, పక్కన హెడ్మాస్టరు గారు. నా నోటి వెంట వచ్చిన మాట: "స్కాంద పురాణంలో అమ్మా, కాశీఖండంలో."

ఆ అమ్మాయి నోట్సులో రాసుకుంది. ఆమె రాసుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

బావగారు అప్పుడేమీ అనలేదు. రెండు నెలల తరవాత మా ఇంటికి వచ్చినప్పుడు భోజనాలయ్యాక వక్క నములుతూ అన్నారు.

"శ్రీనాథుడి కాశీఖండం ఏడు ఆశ్వాసాలూ మళ్ళీ చదివానోయ్. నువ్వు చెప్పిన గుడి ఎక్కడా లేదు. సంస్కృతంలో ఉందేమోనని మా శాస్త్రిగారి దగ్గర అదీ తిరగేయించాను. అందులోనూ లేదు."

"ఏదో ఒక పురాణంలో ఉండే ఉంటుంది లెండి బావగారూ. పద్దెనిమిది ఉన్నాయిగా" అన్నాను.

ఆయన నవ్వి ఊరుకున్నారు. 23 ఏళ్ళ సర్వీసులో అప్పటికి నేనెన్ని బిల్లులు ఓచరు లేదని తిప్పికొట్టానో లెక్కలేదు. "ఎక్కడో ఉంటుంది సార్" అన్నవాడి బిల్లు ఒక్కటీ పాస్ చెయ్యలేదు. నా సొంత పద్దు దగ్గర మాత్రం అదే జవాబు నేనిచ్చాను. ఓచరు అడిగింది ఒక తొమ్మిదో తరగతి పిల్ల. ఆడిట్ చేసింది నేను ఛాందసుడనుకున్న మా బావగారు.

* * *

2005లో బావగారు రిటైరయ్యారు. చేతిలో కొంత డబ్బు. 2007లో వాళ్ళ ఊళ్ళోకి ఒక గొలుసు కంపెనీ వచ్చింది. పేరెందుకు గానీ, ఇలాంటివి మీ ఊళ్ళోనూ చూసే ఉంటారు. ఎనిమిది వేలు కట్టి చేరితే ఏదో ఆరోగ్యపు పొడి డబ్బాలు ఇస్తారు. మీరు ఇద్దర్ని చేర్పించాలి. వాళ్ళిద్దరూ చెరో ఇద్దర్ని. కింద మనుషులు పెరిగేకొద్దీ మీకు కమీషను. బావగారు తన పేరున, అక్కయ్య పేరున, అబ్బాయి పేరున మూడు కట్టేశారు. "నువ్వూ చేరవోయ్" అని ఫోన్ చేశారు. మర్నాడే రైలెక్కాను.

ఆయనకి అర్థమయ్యే భాషలోనే చెప్పాలనుకున్నాను. ఛందస్సులో ప్రస్తారం అని ఉంది. ఒక్కో అక్షరం గురువైనా కావాలి, లఘువైనా కావాలి. కాబట్టి ఒక అక్షరం పాదానికి రెండు రకాలు, రెండక్షరాలకి నాలుగు, మూడింటికి ఎనిమిది. ఇరవై అక్షరాల కృతి ఛందంలో 10,48,576 వృత్తాలు, అందులో మన ఉత్పలమాల 3,55,799వది. ఇది నాకు నేర్పింది బావగారే. మొదటి అక్షరానికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4 ఇలా రెట్టింపు విలువలు వేసుకుని, లఘువులున్న చోటి విలువలు కూడి ఒకటి కలిపితే ఆ సంఖ్య వస్తుంది. భ ర న భ భ ర వ గణాలు పెట్టి మీరూ కూడి చూడండి. ఉక్త నుంచి ఉత్కృతి దాకా 26 ఛందాల్లో కలిపి మొత్తం వృత్తాలు 13,42,17,726 అని ఆయన నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

"బావగారూ, మీ కంపెనీ కూడా ప్రస్తారమే. పైన ఒక్కడు. వాడి కింద 26 వరసలు నిండితే మీ వృత్తాల సంఖ్యే వస్తుంది. పైవాణ్ణి కలిపితే 13,42,17,727 మంది. 2001 జనాభా లెక్కల్లో మన రాష్ట్రం మొత్తం 7 కోట్ల 62 లక్షలు. పసిపిల్లల్తో సహా అందరూ చేరినా ఆ వరస నిండదు. 33 వరసలకి భూమ్మీద మనుషులు చాలరు."

"అన్ని వరసల దాకా ఎందుకు? పది వరసలు నిండితే నాకు చాలు."

"ఎక్కడ ఆగినా ఒకటే బావగారూ. ఆఖరి వరసలో ఉన్నవాళ్ళు, పైనున్న వాళ్ళందరి కంటే ఒకరు ఎక్కువ. వాళ్ళ కింద ఎవరూ ఉండరు. పది వరసల దగ్గర ఆగితే సగం మంది మునుగుతారు, ఇరవై దగ్గర ఆగినా సగం మందే. ముందున్న వరసవాళ్ళకి కింద ఉండేది ఇద్దరే. వాళ్ళనీ కలుపుకుంటే నూటికి 75 మంది. ఆ డెబ్బై అయిదు మందిలో ఎవరుంటారు? మీ కింద చేరే మీ శిష్యులు." 1978లో వచ్చిన ధన చలామణి పథకాల నిషేధ చట్టం గురించి కూడా చెప్పాను.

ఆయన కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఆ తరవాత అన్న మాట నేను చచ్చేదాకా మరచిపోను.

"లెక్క బాగానే ఉందోయ్. నువ్వు లెక్క ఎప్పుడూ బాగానే చెబుతావు. కాశీ గుడి లెక్క కూడా ఇలాగే చెప్పావుగా."

నేనేమీ అనలేకపోయాను. ఒకవేళ ఆ అబద్ధం ఆడకపోయి ఉంటే ఆయన వినేవారా? చెప్పలేను. ఆశ పట్టుకున్న మనిషిని లెక్క ఆపుతుందన్న హామీ ఏమీ లేదు. కానీ ఆ పూట నా మాటకి విలువ అవసరమైంది. ఆ విలువని నేను మూడేళ్ళ ముందే ఒక బడి వేదిక మీద ఖర్చు పెట్టేశాను.

ఏడాది తిరక్కుండా కంపెనీ ఆఫీసుకి తాళం పడింది. బావగారి మూడు పేర్ల 24 వేలూ పోయాయి. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన మాట మీద పదకొండు మంది చేరారు. పాత విద్యార్థులు, పాలవాడు, పక్కింటి విశ్రాంత గుమాస్తా. పదకొండు మందికీ ఎనిమిదేసి వేల చొప్పున 88 వేలు బావగారు తన జేబులోంచి ఇచ్చేశారు. వచ్చిన కమీషను తొమ్మిది వేలు పోను నికర నష్టం 1,03,000. "నన్ను చూసి చేరారోయ్, కంపెనీని చూసి కాదు" అన్నారు. దేవుణ్ణి నమ్మే మనిషి తన మాటకి తాను బాధ్యత తీసుకున్నారు. నా మాటకి నేను ఇంకా తీసుకోలేదు.

* * *

అప్పుడు కూర్చుని కాశీ కథ మూలం వెతికాను. అయిదారు ఆదివారాలు లైబ్రరీలో గడిపితే దొరికింది.

ఆ గుడి కాశీలోనే కాదు, ఎక్కడా లేదు. 1883లో ఎడువార్ ల్యూకా అనే ఫ్రెంచి గణితవేత్త పిల్లల ఆటబొమ్మగా ఆ మూడు మేకుల చెక్కని అమ్మకానికి పెట్టాడు. పేరు హనోయ్ గోపురం. తయారుచేసినవాడు సయాం దేశపు ప్రొఫెసర్ క్లాస్ అని రాశాడు. ఆ పేరులో అక్షరాలు అటూ ఇటూ మారిస్తే ల్యూకా పేరూ, ఆయన పుట్టిన ఆమియాఁ ఊరి పేరూ వస్తాయి. బొమ్మతోపాటు ఇచ్చిన కాగితంలో కాశీ బ్రాహ్మణులు, బంగారు అంతస్తులు, ప్రళయం అన్నీ ఉన్నాయి. గోల్కొండ వజ్రాలు కూడా పొదిగాడు మహానుభావుడు! మర్నాటి ఏడాది ఆంరీ ద పార్విల్ అనే రచయిత ఆ కథకి ఇంకొంచెం రంగులద్దాడు. 1892లో రౌజ్ బాల్ రాసిన ఇంగ్లీషు వినోద గణిత పుస్తకంలోకి ఎక్కి, అక్కణ్ణుంచి లోకమంతా తిరిగి మళ్ళీ మన దేశానికి 'మన పూర్వీకుల నమ్మకం'గా దిగుమతి అయింది. నేను దాన్ని కృష్ణా జిల్లా బడిదాకా చేరవేశాను.

ల్యూకాని తప్పుపట్టను. బొమ్మ అమ్ముకోవడానికి చెప్పిన చమత్కారం అది. నిజానికి పెద్ద సంఖ్యలు ప్రధాన సంఖ్యలా కావా అని తేల్చే పరీక్షలు కనిపెట్టినవాడు ఆయనే. 2 యొక్క 127వ ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే 39 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్య అని 1876లో తేల్చాడు. తప్పంతా అడగకుండా నమ్మిన నాది. ఎందుకు నమ్మాను? మన పూర్వీకులు ఇలాంటివి నమ్మి ఉంటారని నేను ముందే నమ్మాను గనక. కథ నా అభిప్రాయానికి సరిపోయింది, సంతకం పెట్టేశాను. జాతకం చెప్పేవాడి దగ్గర కూర్చున్న మనిషి చేసేదీ ఇదే కదా.

అసలు లైబ్రరీకి వెళ్ళకుండానే దొరికే తప్పు ఇది. పురాణాల లెక్క ప్రకారం బ్రహ్మకి ఒక పగలు ఒక కల్పం, అంటే 432 కోట్ల సంవత్సరాలు. దాని చివర ప్రళయం. కాశీ బిళ్ళల లెక్క 58,454 కోట్ల సంవత్సరాలు, అంటే 135 కల్పాల పైన. బ్రహ్మ పెట్టిన గడియారం బ్రహ్మ లెక్కతోనే కలవలేదు! విజ్ఞాన శాస్త్రం చెప్పే విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలతో అయితే సరే సరి, దానికి 42 రెట్లు. రెండు ఖాతాలు పక్కపక్కన పెట్టి చూడటం నా వృత్తి. ఆ పని ఒక్కసారైనా చెయ్యలేదు.

* * *

ఇప్పుడు ఇదే సంఖ్యలో, ఓచరు చేతికిచ్చే భాగం చూపిస్తాను.

రెండుని 64 సార్లు గుణించే కష్టం అక్కర్లేదు. మన పింగళుడు ఛందశ్శాస్త్రంలో దగ్గర దారి చెప్పాడు. అరవై నాలుగుని సగం చేసుకుంటూ పోయి, తిరిగి వచ్చేటప్పుడు వర్గాలు చేసుకుంటూ రావడమే. 2, దాని వర్గం 4, దాని వర్గం 16, ఆపైన 256, 65,536, తరవాత 4,29,49,67,296. ఇంకొక్కసారి వర్గం చేస్తే అయిపోయింది. (పింగళుడే కంప్యూటర్ కనిపెట్టాడని ఊరేగించేవాళ్ళున్నారు. అంత దూరం పోకుండా, ఆయన చేసినదానికి ఆయనకి దండం పెడితే చాలు.)

బళ్ళో చదువుకున్న సూత్రం గుర్తుందా? ఒక సంఖ్య వర్గంలోంచి ఒకటి తీసేస్తే, ఆ సంఖ్యకి అటొకటి ఇటొకటి జరిపిన రెండు సంఖ్యల లబ్ధం. ఆరు వర్గం 36, ఒకటి తీస్తే 35, అంటే 5 ఇంటూ 7. ఈ సూత్రాన్ని పై మెట్లన్నిటికీ వరసగా వాడితే మన ఇరవై అంకెల కొండ ఇలా విడిపోతుంది:

3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297

అంటే దారిలో తగిలిన ప్రతి మెట్టుకీ ఒకటి కలిపిన సంఖ్యలు. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా వీటిని చూశాడు. మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. 1640లో ఆయన ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఉత్తరాల్లో రాశాడు. ఋజువు తన దగ్గర లేదన్నాడు గానీ గట్టిగానే నమ్మాడు. ఫెర్మా అంతటివాడు చెప్పాక కాదనేదెవరు? 92 ఏళ్ళ తరవాత, 1732లో, పాతికేళ్ళ ఆయిలర్ కాదన్నాడు. ఆరోది ప్రధాన సంఖ్య కాదు, 641తో నిశ్శేషంగా భాగమవుతుందన్నాడు. ఫెర్మా కంటే ఆయిలర్ గొప్పవాడా అని ఎవరూ వాదించుకోలేదు. గుణించి చూశారు.

67,00,417 × 600 = 4,02,02,50,200
67,00,417 × 40 = 26,80,16,680
67,00,417 × 1 = 67,00,417
మొత్తం = 4,29,49,67,297

నాలుగు వరసలు, అంతే. ఈ రెండు ముక్కలూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి మన సంఖ్యకి ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండోసారి రాదు. ఒక్కోదాన్ని వేసుకోవడమో మానెయ్యడమో, గురువూ లఘువూ లాగా. కాబట్టి మొత్తం భాజకాలు రెండుని ఏడుసార్లు గుణించినంత, అంటే 128. ఇక ఫెర్మా వరసలో 65,537 తరవాత ఇంకొక ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. అయిదు దాఖలాలు చూసి అన్నీ అంతే అనుకోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

సంఖ్యాశాస్త్రం పేరుతో దుకాణాలు నడిపేవాళ్ళకి కూడా ఒక మాట. ఈ ఇరవై అంకెలూ కూడితే 87, మళ్ళీ కూడితే 15, మళ్ళీ 6. ఆరు శుక్రుడి సంఖ్య అంటారు వాళ్ళు. ఇలా అంకెలు కూడటం మా వృత్తిలోనూ ఉంది. తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషం అలా తెలుస్తుంది, గుణకారం తప్పు పట్టుకోవడానికి పనికొస్తుంది. 641కి 2, 67,00,417కి 7, వాటి లబ్ధం 14, అంటే 5. జవాబు 4,29,49,67,297 అంకెలు కూడినా 59, 14, చివరికి 5. కలిసింది. కానీ ఎవడైనా జవాబులో రెండంకెలు తారుమారు చేస్తే ఈ పరీక్ష పట్టుకోలేదు, కూడిక మారదు గనక. అందుకే ట్రయల్ బ్యాలన్సులో తేడా తొమ్మిదితో భాగమైతే మేం ముందు అంకెల తారుమారు కోసం వెతుకుతాం. పరీక్షకి కూడా దాని హద్దులుంటాయి, అవి తెలిసి వాడుకోవాలి. జాతకాలవాడి ఆరుకి ఏ హద్దూ లేదు, తప్పని తేలే వీలూ లేదు.

* * *

2009లో ఆ బడికి మళ్ళీ వెళ్ళాను. బావగారే హెడ్మాస్టరుతో మాట్లాడి ఏర్పాటు చేశారు. ఆ అమ్మాయి అప్పటికే బడి దాటి వెళ్ళిపోయింది, ఎక్కడుందో తెలియలేదు. కొత్త పిల్లల ముందు, పాత టీచర్ల ముందు నిలబడి, అయిదేళ్ళ క్రితం ఇక్కడే కాశీఖండం పేరు చెప్పి అబద్ధమాడానని చెప్పాను. ల్యూకా సంగతి చెప్పాను. గొలుసు కంపెనీ లెక్క కూడా చెప్పాను. బావగారి పేరెత్తలేదు, ఆయనే లేచి "ఆ డబ్బు పోగొట్టుకున్న మూర్ఖుణ్ణి నేనేనర్రా" అన్నారు. పిల్లలు నవ్వలేదు.

అప్పటినుంచి ఎక్కడ మాట్లాడినా, నాకు తెలియనిది ఎవరైనా అడిగితే తెలియదని చెబుతున్నాను. చిన్న మాటే. 2004లో అదే నా నోట్లోంచి రాలేదు.

బావగారికి ఇప్పుడు 78. చూపు తగ్గింది, సంధ్యావందనం మానలేదు. నా వాదాలకి ఆయన మారలేదు, ఆయన స్తోత్రాలకి నేనూ మారలేదు. ఈ వ్యాసం రాసి మొన్న ఆయనకి చదివి వినిపించాను. అంతా విని, "ఆ ఆయిలర్ గుణకారం ఒకసారి చెప్పు" అన్నారు. చెప్పాను. పెన్సిల్ తీసుకుని, భూతద్దం పెట్టుకుని, పాత కాలెండరు వెనక పెద్ద పెద్ద అంకెల్లో తానే గుణించడం మొదలుపెట్టారు. వందల స్థానం దగ్గర ఒకసారి తప్పారు, కొట్టేసి మళ్ళీ వేశారు. పది నిమిషాలు పట్టింది.

"కలిసిందోయ్" అన్నారు.